చెత్తలో కాపురం

"ఇది పెరడు, నీ బురద గుంట కాదు. ముందు కాళ్లు తుడుచుకుని రా!" అంది పుంజు.

కప్ప సిగ్గుపడి కాళ్లు గడ్డికి రాసుకుంది. "అది కాదు మావా, ఎండలు ఇంకో పది రోజులే. ఆపైన మంచు పడుద్ది. రాలిన ఆకులు వెల్లుల్లి మడి మీదే ఉండనీ. మట్టికి అదే దుప్పటి, నాకూ అదే ఇల్లు."

"చెత్తలో కాపురమా? ఛీ! పెరడంటే అద్దంలా ఉండాల."

పుంజు రోజంతా గీకి గీకి, ఒక్క ఆకు మిగల్చకుండా కంచె అవతలకి తోసేసింది. కప్ప కంచె దాటి ఆ కుప్పలోనే దూరింది.

మంచు పడింది. పెరడు నిజంగానే అద్దమైపోయింది. పుంజు ఇలా అడుగేసిందో లేదో, జర్రున జారి బోర్లా పడింది. ముక్కుతో పొడిస్తే నేల టక్కుమంది గానీ పురుగు రాలేదు. ఆకలితో, చలితో వణుక్కుంటూ కంచె దూకి, ఆకుల కుప్ప ముందు నిలబడింది.

"అల్లుడూ, కాస్త చోటిస్తావా?"

కప్పకి జాలేసింది. కానీ గుమ్మంలోకొచ్చిన చుట్టాన్ని ఏమని లోపలికి పిలవాలో పాపం దానికి తెలీదు. ఎప్పుడో పుంజు దగ్గర విన్న మాటొక్కటే తెలుసు.

"ముందు కాళ్లు తుడుచుకుని రా!"