చెవిపూస లేని ఉదయం

యెమెన్ నుంచి విశాఖపట్నం వచ్చి చదువుకుంటున్న రుమైసాకు రెండేళ్లయినా తెలుగు ముక్క రాలేదు. ఆ అవసరమే పడలేదు. అందరిలాగే ఆమె చెవిలోనూ ఒక చెవిపూస ఉండేది. ఎవరేం మాట్లాడినా అది వెంటనే అరబ్బీలో చెప్పేది. ప్రొఫెసరు కోప్పడినా, హాస్టల్లో వంట చేసే ఆవిడ పరాచికాలాడినా ఆమెకు వినిపించేది మాత్రం ఒకటే నిదానమైన గొంతు. ఇంతమంది మధ్య తనకు ఒక్క స్నేహితురాలైనా ఎందుకు లేదో ఆమెకు అంతుపట్టేది కాదు.

ఒకనాడు పొద్దున్నే చెవిపూస పాడైంది. దాన్ని బాగుచేయడానికిచ్చి గదికి తిరిగొచ్చేసరికి, ఆ గదిలోనే ఉండే హైమ కిటికీ దగ్గర నిలబడి ఉంది. హైమ తల్లి పోయి నెల కాలేదు. "ఎలా ఉన్నావు?" అని రుమైసా రోజూ అడిగేది. బాగానే ఉన్నానని, క్లాసుకు వెళ్లమని చెవిపూస చెప్పేది. ఆమె నమ్మి వెళ్లిపోయేది.

ఇవాళా అడిగింది. హైమ ఇటు తిరగకుండానే, "నాకేటీ అవలేదే. నువ్వెళ్లు, క్లాసుకి టైమైపోతంది" అంది.

రుమైసాకు ఒక్క మాటా అర్థం కాలేదు. కానీ ఆ గొంతు వణుకుతోంది. ఆమె పుస్తకాల సంచి కింద పెట్టేసి, హైమ పక్కకు వెళ్లి నిలబడింది.

"నువ్విలా ఉన్నావని నాకు తెలియలేదు. నన్ను క్షమించు" అంది అరబ్బీలో, ఏడుస్తూ.

హైమ ఆమె ముఖం చూసింది. తన చెవిపూస తీసి గుప్పిట్లో మూసింది.

"మళ్లీ చెప్పవే" అంది.

ఆ మాటకు అర్థం తెలియకపోయినా రుమైసా మళ్లీ చెప్పింది.