మెడ చూడండి

పదో రోజు మేడ మీద మా ఆయనకు పిండం పెట్టగానే కాకి వచ్చింది. రాక ఏం చేస్తుంది, అద్దె యంత్రం! ఊళ్లో కాకులు కరువయ్యాక ప్రతి చావింటికీ ఇవే వస్తున్నాయి.

గొంతు కింద గడ్డంలా వేలాడే ఈకలు, ఎగిరేటప్పుడు మధ్యలో కోసుగా పొడుచుకొచ్చే తోక, గొడ్డలంత ముక్కు. ఏ విదేశీ బొమ్మ చూసి చేశారో ఘనులు, అది హిమాలయాల్లో తిరిగే రేవన్ అనే వేరే జాతి పక్షి! “నలుపు చూసి మోసపోకండి, మెడ చూడండి. ఊరకాకి మెడ బూడిదరంగు,” అని నలభై ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పిన మా ఆయన పిండానికి దీన్ని పంపారు.

“అది కాకి కాదు, బుల్లెబ్బాయ్,” అన్నాను మరిదితో.

“నల్లగానే ఉంది కదా వదినా! సర్టిఫికెట్ కూడా ఇచ్చారండి.”

అప్పుడే పిట్టగోడ మీద ఇంకోటి వాలింది. చిన్నది. మెడ బూడిదరంగు. మూడేళ్ల తర్వాత కనిపించిన నిజం కాకి.

బుల్లెబ్బాయి అద్దె కాకుల యాప్ తెరిచి ఫోన్ దాని వైపు తిప్పాడు. “ఇది లిస్టులో లేదండి. ఏదో పిచ్చి పిట్ట,” అంటూ తువ్వాలు విసిరి తోలేశాడు.

యంత్రం పిండం ముట్టింది. “అన్నయ్య ఆత్మ శాంతించింది,” అని దండం పెట్టి, అందరినీ భోజనాలకు దింపుకుపోయాడు.

నేను దిగలేదు. ఆ రేవన్ మీద కోడిని కమ్మినట్టు గంప కమ్మేసి, పిట్టగోడ మీద అన్నం ముద్ద పెట్టి, “కావ్, కావ్” అని పిలవడం మొదలుపెట్టాను.