నీలి తలుపు గడప

ఎలోడియా తలుపు తీయగానే ఎవరో పెళ్ళికూతురు వెల్లకిలా ఇంట్లోకి పడింది.

తెల్ల గౌనుతో సహా వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడింది. ఎలోడియా చంకలో ఉడికిన మొక్కజొన్నల గిన్నె. వాటిని రొట్టెల పిండికి రుబ్బించుకుందామని మరకు బయల్దేరిన మనిషి ఆమె.

"తలుపు తీసేముందు చెప్పాలి కదండీ!" అని బయట నుంచి ఫొటోగ్రాఫరు విసుక్కున్నాడు.

"నా ఇంటి తలుపు తీయడానికి నీ పర్మిషన్ కావాలా నాయనా?"

ఆంతిగ్వా ఊళ్ళో ఆ వీధివాళ్ళ ఖర్మ అది. పసుపు గోడ, నీలి తలుపు, పైన గులాబిరంగు పూలతీగ. ఎవడో పుణ్యాత్ముడు ఫొటో తీసి లోకానికి చూపించాడు. అప్పట్నుంచి ఎలోడియా గుమ్మం ఎలోడియాది కాకుండా పోయింది. చెత్తబుట్ట బయట పెడితే పక్కకి జరిపేవారు. తువ్వాలు ఆరేస్తే తీసేసేవారు. ఓసారైతే "అమ్మా, కొంచెం తప్పుకోండి" అని ఆమెనే జరిపారు.

ఎదురుగా ఉన్న చర్చి వైపు మాత్రం ఒక్కడూ కెమెరా తిప్పడు. తిప్పడానికేముంది? భూకంపంలో కూలిపోగా మిగిలింది నాలుగు మెట్లు, సగం గోడ, వాటి వెనక అగ్నిపర్వతం.

ఆ రోజు రాళ్ళ కిందనుంచి ఆ చర్చి స్వామి సాన్ ఒనోఫ్రే కర్రవిగ్రహాన్ని లాగి, ఇంటికి మోసుకొచ్చి, ముందుగదిలో నిలబెట్టింది ఎలోడియా తల్లి.

"ఈయన్ని మళ్ళీ ఈయనింటికి చేర్చే పూచీ నీదే" అని కూతురికి చెప్పి కన్ను మూసింది.

యాభై ఏళ్ళు కావస్తోంది. గడ్డం స్వామి ఇంకా ముందుగదిలోనే ఉన్నాడు. ఎలోడియాకి డెబ్భై దాటాయి.

చర్చి కట్టడానికి వీధంతా సిద్ధమే. పాత కట్టడాల ఆఫీసులో గుమాస్తా లిసాంద్రోది మాత్రం ఒకటే పాట.

"ముందెలా ఉండేదో అచ్చంగా అలాగే కట్టాలి దోన్యా ఎలోడియా. ఫొటో చూపించండి."

"నా కళ్ళలో ఉందయ్యా. చెప్తా, రాసుకో."

"కళ్ళలో ఉంటే చాలదు. కాగితం మీద కావాలి. ఈ శుక్రవారంతో గడువు ఆఖరు. ఆ తర్వాత ఫైలు మూసేస్తారు, నా చేతుల్లో లేదు."

ఆ రోజుల్లో ఆ వీధిలో కెమెరా ఉన్న కొంప ఒక్కటీ లేదు. ఎలోడియా చుట్టాల పెళ్ళి ఫొటోలన్నీ తిరగేసింది. అందరి తలకాయలూ ఉన్నాయి, చర్చి లేదు.

ఈ తలనొప్పి చాలదన్నట్టు, సోమవారం నుంచి ఒక ముసలాయన తగులుకున్నాడు. ఏ దేశంవాడో, మెళ్ళో పాత కెమెరా, నెత్తిన టోపీ. ఒక్కో మాటా వెతుక్కుని వెతుక్కుని మాట్లాడతాడు.

"సెన్యోరా, మీ గుమ్మంలో... ఒక్క నిమిషం నిలబడనిస్తారా?"

"బయట నిలబడు. ఊరంతా నిలబడుతోందిగా."

"బయట కాదు. లోపల... గడప మీద."

"రేపు మంచం మీద పడుకుంటానంటావు. వెళ్ళవయ్యా వెళ్ళు!"

మంగళవారం మళ్ళీ వచ్చాడు.

"సెన్యోరా, నేను కుర్రాణ్ణిగా ఉన్నప్పుడు..."

"అందరం ఒకప్పుడు కుర్రాళ్ళమే. అవతల పొయ్యి మీద చిక్కుళ్ళు మాడిపోతున్నాయి."

ధడాలున తలుపేసింది.

బుధవారం ఆమె గది కడుగుతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది. తలెత్తేసరికి ఆయన గడప మీదికి ఒక కాలు పెట్టి, ఆమెకు వీపు తిప్పి, మోకాళ్ళు వంచి కొండకేసి చూస్తున్నాడు.

ఎలోడియాకి ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న బకెట్టు నీళ్ళు ఆయన కాళ్ళ మీద కుమ్మరించింది.

"సిగ్గు లేదూ? ఇది కొంపా, సత్రమా?"

ఆయన కోప్పడలేదు. తడిసిన బూట్లతో వీధిలోకి దిగి, టోపీ తీశాడు.

"క్షమించండి. ఈ ఊరు... కాదేమో. ఆ ఇల్లు ఇలా ఉండదు."

గురువారం పొద్దున సంచీ భుజాన వేసుకుని పక్కదేశం హోండురాస్ వెళ్ళే బస్సెక్కుతుంటే, ఎలోడియా మర దగ్గరనుంచి చూసి సిలువ గుర్తు వేసుకుంది.

"పీడా విరగడైంది" అనుకుంది. ఆ పూట ప్రాణానికి హాయిగా కూడా అనిపించింది.

శుక్రవారం వట్టి చేతులతో ఆఫీసుకు వెళ్ళింది. లిసాంద్రో లేచి కుర్చీ వేశాడు.

"రండి దోన్యా రండి! ఫైలు తీసే ఉంచాను. ఏదీ, ఫొటో ఇవ్వండి."

"ఏ ఫొటో? లేదని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాను?"

లిసాంద్రో మొహంలో నవ్వు పోయింది.

"అదేంటి? టోపీ పెట్టుకుని ఒక పెద్దాయన రాలేదూ? నేనే మీ ఇల్లు చూపించి పంపాను."

ఎలోడియా కూర్చుండిపోయింది.

"వచ్చాడు... గడప మీద నిలబడతానన్నాడు."

"అదే మరి! ఆయన దగ్గరున్న చర్చి ఫొటో నెగెటివు మీద ఊరి పేరు రాసుకోలేదట. మన చుట్టుపక్కల నాలుగు దేశాల్లోనూ ఇలాంటి ఊళ్ళన్నీ తిరుగుతున్నాడు. ఆ గడప మీంచి చూస్తే కొండ కొస సరిగ్గా మెట్ల నడిమధ్యకి రావాలట. వస్తేనే ఇదే ఊరని నమ్మి ఇస్తానన్నాడు. ఒకరిది ఇంకొకరికి ఇవ్వడట. నిలబడి చూసుకున్నాడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"చిరునామా అడగడం మర్చిపోయాను దోన్యా. మీ ఇంటికే వస్తాడు కదా అనుకున్నా."

"ఎవరాయన?" అంది ఎలోడియా.

"భూకంపానికి ముందు ఏడాది ఇలాగే ఒక వీధిలో ఎండకి తూలిపోతుంటే, ఒక ఇల్లాలు లోపలికి పిలిచి గడప మీద నీడలో నిలబెట్టి మంచినీళ్ళిచ్చిందట; అక్కడి నుంచే ఎదుటి చర్చిని ఫొటో తీసి, 'దీన్ని తెచ్చిస్తానమ్మా' అని ఆవిడకి మాటిచ్చిన కుర్రాడట."