తవుడులో కలపని పొడి

పందిపిల్లలు కోలుకోకూడదు. జాయ్ పథకం మొత్తం అంతే.

అది రెండువేల మూడు వానాకాలం. జి.మాడుగుల పైన కొండవాలులో అతని పందుల కొట్టం. పాలు మానిన పిల్లలు విరేచనాలతో నీరసించాయి. మిషను తరఫున పశువులను చూసే సుజానా వచ్చి ఒక పొడి ఇచ్చింది. పాలు మానగానే పిల్లల కడుపులో పులుపు చాలదనీ, ఈ పుల్లని పొడి తవుడులో కలిపిపెడితే చెడు క్రిములు పెరగవనీ వివరించింది. ఇవి కోలుకోగానే తనను సీలేరు పంపేస్తారని, ఎవరూ అడగకుండానే, చెప్పింది.

ఊరంతా ఆమెను సిస్టరనేవారు. జాయ్ ఆ మాట మింగేసి మేడమనేవాడు.

ఆ సాయంత్రమే పొడిని కాఫీ మొక్కల మొదట్లో పారబోశాడు. సుజానా వారం వారం వచ్చింది, కొత్త పొట్లం ఇచ్చింది, టీ తాగి వెళ్లింది. మనిషి తన స్వార్థానికి ఎంత గొప్ప పేరైనా పెట్టుకోగలడు. జాయ్ దానికి ప్రేమ అని పెట్టాడు. పందిపిల్లల అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఇంతలో అతని తల్లి తెరిసమ్మ నేరస్థుణ్ణి కనిపెట్టేసింది. పక్కింటి గాసి తమ తొట్టిలో ఏదో కలుపుతున్నాడని ఊరి పెద్దల ముందు పంచాయితీ పెట్టించింది. ఆదివారంలోగా పిల్లలు లేవకపోతే, తప్పు కింద గాసి తన తల్లిపందిని ఇచ్చుకోవాలన్నారు పెద్దలు.

జాయ్‌కి అన్నం సయించలేదు. పిల్లలు కోలుకుంటే తగవే ఉండదని, ఆ వారం పొట్లాన్ని నిజంగానే తవుడులో కలిపి పెట్టాడు. అవి కోలుకోలేదు. ఒకటి లేవడమే మానేసింది.

సుజానా రాగానే కొట్టం వెనక్కి పిలిచాడు.

“గాసి మావ ఏటీ సెయ్యనేదు మేడం. మీ పొడి నానే పారబోసినాను.”

“ఎందుకు?”

“ఇవి బాగయితే మీరు సీలేరు ఎలిపోతారు గదా. ఈ వారం మాత్రం ఒట్టు, పొట్లమంతా ఏసీసినాను. ఐనా తగ్గనేదు. దేవుడే నన్ను శిచ్చిత్తన్నాడు.”

ఆమె వంగి, పడి ఉన్న పిల్ల పొట్ట తడిమింది. తర్వాత సంచి అడుగు నుంచి ఇంకో పొట్లం తీసి, అతని ముఖం చూడకుండా చేతిలో పెట్టింది.

“దేవుణ్ణి అనకండి జాయ్. బేగి ఇది కలపండి. మీరు పారబోసిందీ, మొన్న కలిపిందీ మా ఇంటి బియ్యప్పిండి.”