నలభై డేగ ఈకలు

“వాడొట్టి దద్దమ్మ!”

ముందుగదిలోంచి కూతురు రహఫ్ గొంతు ఖంగుమనేసరికి ఉమ్ బాసిల్ చేతిలోని కాఫీ కూజా తొణికింది. పెళ్ళిచూపులకు వచ్చినవాడి ముందు మాట్లాడే మాటలేనా అవి? గది తలుపు తెరిచే ఉంది. ఇవతల నడవలో, పక్కనే పిల్లవాడి తల్లి కూర్చుని ఉంది.

“మీ అబ్బాయిని కాదక్కా,” అంది ఉమ్ బాసిల్ కంగారుగా. “ఏదో వీడియో గేమ్ గొడవ.”

“మావాడూ ఆ బాపతే,” అందావిడ, ఖర్జూరం నోట్లో వేసుకుంటూ.

ఇప్పటికి మూడు సంబంధాలు రహఫ్ నోటి దురుసుతోనే తప్పిపోయాయి. ఇదీ పోతే ఇర్బిద్‌లో ఇంకెవరూ ఈ గడప తొక్కరు. ఉమ్ బాసిల్ లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది.

లోపల రహఫ్ ఆగడం లేదు. “కథకు తలా తోకా ఉండొద్దా? ప్రేమించిన పిల్లను కోటలో బంధించారు. వీడేమో నేరుగా వెళ్ళకుండా కొండలెక్కి డేగ ఈకలు ఏరుకుంటాడు. ఒకటా రెండా, నలభై! మధ్యలో తీరిగ్గా చేపలు పట్టడం ఒకటి. దీనార్లు పోసి ఈ సోమరిపోతును కొనుక్కోవాలా?”

“కొనొచ్చండీ, మంచి ఆటే,” పెళ్ళిచూపులకు వచ్చిన మోతసిమ్ గొంతు మెల్లగా వినిపించింది. “ఈకలు లేకుండా వెళ్తే కావలివాడు కోట తలుపు తీయడు కదా.”

“తీయకపోతే తన్నాలి!”

“తంతే మొదటి దెబ్బకే పోతాం. నేను రెండుసార్లు పోయాను.”

పిల్లవాడి తల్లి ఫక్కున నవ్వింది. ఉమ్ బాసిల్‌కు మాత్రం నవ్వు రాలేదు.

“కథలో నాలుగేళ్ళు గడిచిపోతాయి. నాలుగేళ్ళు! నిజంగా ప్రేమ ఉన్నవాడు అలా చేస్తాడా? చెప్పండి!”

ఇంక అయిపోయిందనుకుని ఉమ్ బాసిల్ తలుపు దగ్గరికి పరుగున వెళ్ళింది. మోతసిమ్ తల వంచుకుని, చల్లారిన కాఫీలోకి చూస్తున్నాడు.

“చేస్తాడండీ,” అన్నాడు. “మిమ్మల్ని యూనివర్సిటీ లైబ్రరీలో చూసి నాలుగేళ్ళయింది. అప్పుడే వస్తే మీ నాన్నగారు ఉద్యోగమేదీ అనేవారు. ఉద్యోగం వచ్చాక వస్తే ఇల్లేదీ అనేవారు. ఆపైన మీకు పెట్టాల్సిన బంగారం. ఒక్కొక్క ఈకే ఏరుకుంటూ ఇవాళ్టికి ఈ గుమ్మం దాకా వచ్చాను. మీకు నేను గుర్తుండను లెండి.”

రహఫ్ చివాలున లేచి నిలబడింది. ఆమె ముఖం ఎర్రబడింది.

“గుర్తుండకపోవడమేమిటి? ఆ కోటలో కూర్చున్నదాని పాట్లు ఒక్కసారైనా తలుచుకున్నారా? మీరు వచ్చేలోపు ముగ్గుర్ని తరమాల్సొచ్చింది!”