ఉల్లంకి పిట్టల లెక్క

మూడుకాళ్ళ కర్ర మీద నల్లటి గొట్టం బిగించి, ఒక కన్ను మూసుకుని సరస్సు వైపు చూస్తున్నాడాయన.

అగ్బోకోపే ఊరి ఆడవాళ్ళకు కడుపు మండడానికి అది చాలు.

పోయిన ఏడాది ఉప్పు కంపెనీవాళ్ళు కూడా ఇలాంటి మూడుకాళ్ళ కర్రతోనే దిగారు. చూశారు, కొలిచారు, సరస్సు చుట్టూ ఎర్ర లంగరు బొమ్మ ఉన్న రాళ్ళు పాతిపోయారు. ఆ రాళ్ళ వెంట గట్టు లేచిందంటే ఊళ్ళో ఒక్క ఆడదానికీ ఉప్పుమడి మిగలదు.

"ఏమయ్యా, ఇంకా ఏం మిగిలిందని కొలుస్తున్నావు?" ఉప్పుగంప దించుతూ అడిగింది మావూసి. ఉప్పు తీసే ఆడవాళ్ళకు ఆమే పెద్ద. ఆమె మాటకు ఊరిపెద్ద కూడా ఎదురు చెప్పడు.

"కొలవడం లేదమ్మా. పిట్టల్ని లెక్కపెడుతున్నాను" అన్నాడాయన. ఈ ప్రాంతంవాడు కాదు. వాళ్ళ ఎవె భాష ముక్కలు ముక్కలుగా మాట్లాడుతున్నాడు.

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

"విన్నావా అక్కా, ఉల్లంకి పిట్టల్ని లెక్కపెడుతున్నాడంట" అంది ఎసినమ్. "ఇంటి దగ్గర కోళ్ళు లేవేమో పాపం."

"ఎన్ని తేలాయేంటి?" మావూసి అడిగింది.

"నిన్నటికి ఇరవైమూడు వేల నాలుగొందలమ్మా."

"ఆ నాలుగొందలూ మా కప్పు మీదే రెట్టలు వేస్తున్నాయిలే" అంది ఎసినమ్.

ఆయన కూడా నవ్వాడు. "ఇంకో వారంలో మంచుదేశాలకు ఎగిరిపోతాయి. ఈ వారం ఒక్కటి నన్నిక్కడ ఉండనివ్వండమ్మా."

ఆయన మాట్లాడుతుండగానే ఎసినమ్ ఆయన సంచి బోర్లించింది. రొట్టెముక్క, లావుపాటి పుస్తకం, ఒక పాత చొక్కా కింద పడ్డాయి. చొక్కా జేబు మీద ఎర్ర లంగరు.

నవ్వులు ఆగిపోయాయి.

"నువ్వు వాళ్ళ మనిషివా?"

"వాళ్ళ దగ్గర పనిచేశానమ్మా, ఎనిమిదేళ్ళు. కానీ..."

ఆ తర్వాతి మాట ఆయన్ని ఎవరూ చెప్పనివ్వలేదు. చెప్పనిస్తే ఈ కథే లేదు.

మావూసి పుస్తకం అందుకుంది. ఆమెకు చదువు రాదు. పేజీల నిండా అంకెలు కనబడేసరికి అవన్నీ తమ సరస్సు కొలతలేనని తీర్మానించేసింది. ఒడ్డునే చేపలకు పొగబెట్టే పొయ్యి మండుతోంది. అటు నడిచింది.

"అమ్మా, అది మాత్రం వద్దు." ఆయన అక్కడివాళ్ళలాగే కుడిచేతిని ఎడమ అరచేతిలో పెట్టి బతిమాలాడు. "కొడితే నన్ను కొట్టండి. గొట్టం పగలగొట్టండి. సెప్టెంబరు నుంచి రాసిందంతా అందులోనే ఉంది."

"అయితే ఇదే కావాలి మాకు" అని పుస్తకాన్ని పొయ్యిలోకి తోసింది మావూసి.

ఆయన పరుగున వచ్చి మంటలో కుడిచెయ్యి పెట్టాడు. అట్టముక్క మాత్రం చేతికొచ్చింది. చెయ్యి బొబ్బలెక్కింది. నీళ్ళడిగితే, "సముద్రం ఉందిగా, తాగు" అన్నారెవరో. గొట్టం భుజాన వేసుకుని రోడ్డు వైపు వెళ్ళిపోయాడు.

ఆ పూట ఊరంతా యుద్ధం గెలిచినట్టే తిన్నది.

మే నెలలో జిల్లా ఆఫీసు నుంచి కబురొచ్చింది. మావూసి, ఎసినమ్ బస్సెక్కి వెళ్ళారు. ఆఫీసరు సెనా ఆ తీరంలో పుట్టిన పిల్లే. అయినా వాళ్ళ మొహాల్లోకి చూడలేకపోయింది.

"సరస్సు కంపెనీకి ఇచ్చేశారు పెద్దమ్మా. పాతికేళ్ళకు."

"మమ్మల్ని అడక్కుండానా?"

"వలస పిట్టలు ఇరవై వేలకు పైగా దిగే చోట గట్టు వెయ్యకూడదు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని కాపాడింది ఆ ఒక్క రూలే. ఈ ఏడాది పిట్టలు అన్ని లేవని కంపెనీ రాసిచ్చింది."

"లేకపోవడమేమిటి తల్లీ? మొన్నటిదాకా మా నెత్తి మీదే తిరిగాయి. ఇరవైమూడు వేల..." అంది మావూసి.

"నోటిమాట చెల్లదు. రాసిన లెక్క కావాలి. ఇప్పుడు లెక్కపెడదామంటే పిట్టలు వెళ్ళిపోయాయి. అవి తిరిగొచ్చేలోపు గట్టు లేస్తుంది."

"ఎవరూ రాయలేదా?" అడిగింది ఎసినమ్.

"ఒకాయన రాశాడు. బెంట్సిల్ అని, పిట్టల శాస్త్రవేత్త. కంపెనీ జీతం తీసుకుంటూ కూడా ఎనిమిదేళ్ళలో ఒక్క పిట్టను తగ్గించి రాయలేదు. తగ్గించమంటే కుదరదన్నాడు. జనవరిలో ఉద్యోగం పీకేశారు. అయినా సొంత ఖర్చుతో మీ ఊరొచ్చి మిగతా లెక్క తీశాడు."

మావూసి బల్ల అంచు పట్టుకుంది. అరవై ఏళ్ళ బతుకులో అంత సిగ్గు ఆమె ఎప్పుడూ పడలేదు. తన చేత్తో తన ఊరినే పొయ్యిలో పెట్టుకుంది.

"ఆ పుస్తకం కాల్చింది నేనే తల్లీ. రాసుకో. నన్ను జైల్లో పెట్టు. ఆయన లెక్క నిజమని ఒప్పుకుని సరస్సు ఒక్కటి మాకు వదిలెయ్యండి."

సెనా బల్ల మీది ఫైలు తెరిచింది.

"ఇప్పుడు నువ్వు చెప్పినా ఎవరూ నమ్మరు పెద్దమ్మా" అంది. "కాలిన చెయ్యి చూసి, పుస్తకం ఎవరైనా తగలబెట్టారా అని ఆయన్ని మరీ మరీ అడిగాను. పొయ్యి పక్కన పెట్టి తనే పోగొట్టుకున్నానని ఎడమచేత్తో సంతకం పెట్టాడు, మంటలోంచి తన చెయ్యి లాగి కాపాడింది మీ ఊరి ఆడవాళ్ళేనని కూడా రాయించాడు."