పదకొండింటి జ్వరం

పొద్దున పదకొండింటికి థర్మామీటరు నూటరెండు దాటి ఆగింది.

బ్రిట్టా మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వణుకుతోంది.

నాలుగో తరగతి పిల్ల. మా స్కూలు బోర్డు అధ్యక్షుడు వెర్లిన్ టోస్ట్రుడ్ కూతురు.

నేను ఆ స్కూల్లో పదకొండేళ్లుగా నర్సును.

"ఎప్పట్నించి ఇలా ఉంది తల్లీ?"

"నిన్నట్నించి."

"మందేమైనా వేసుకున్నావా?"

"ఊదారంగు సిరప్పు. కారులో నాన్న పట్టాడు. రెండింటిదాకా మీ దగ్గరికి రావద్దన్నాడు. కానీ తల నిలవట్లేదు, మిస్."

"రెండింటికి ఏముంది?"

"నాన్న షాపుకి ట్రాక్టర్ కంపెనీవాళ్లు వస్తారు. అమ్మ ఊళ్లో లేదు."

నా గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. మందు వాడకుండా ఇరవైనాలుగు గంటలపాటు జ్వరం లేకపోతేనే పిల్లల్ని స్కూలుకి పంపాలని ఉంటుంది అందులో. కింద వెర్లిన్ సంతకం. సంతకం కింద రెండు గీతలు, ఎవరైనా చూడకుండా పోతారేమోనని.

ఆ కాగితం నవంబరులో పుట్టింది.

సోమాలియా నుంచి వచ్చిన హోదన్ అనే ఆవిడ మా ఊళ్లో టర్కీ కోళ్లని కోసి ప్యాక్ చేసే ప్లాంటులో పనిచేస్తుంది. సెలవు దొరక్క, జ్వరంతో ఉన్న కొడుక్కి మందు పట్టి స్కూలుకి పంపింది.

వెర్లిన్ ఆవిణ్ణి బోర్డు మీటింగుకి పిలిపించాడు. అందరి ముందూ నిలబెట్టి నియమం చదివి వినిపించాడు. ఒక్కో మాటా విడదీసి, చదువు రాని మనిషికి చెప్పినట్టు.

హోదన్ తన దేశంలో ఆరేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి.

"కొన్ని ఇళ్లల్లో బాధ్యతంటే ఏమిటో కూడా మనమే నేర్పాల్సి వస్తోంది" అన్నాడు వెర్లిన్.

జనం చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు. అంతకుమించి ఏమీ చెయ్యలేదు కూడా.

వెర్లిన్‌కి ఫోన్ చేశాను. మూడుసార్లు చేసినా మోగి ఆగిపోయింది. నాలుగోసారి ఎత్తాడు.

నలభై నిమిషాలకి వచ్చాడు. ముందు అతను పూసుకున్న సెంటు వాసన వచ్చింది, తర్వాత అతను.

"పొద్దున గుర్రప్పిల్లలా గెంతింది, నర్సమ్మా. ఇక్కడే ఎవరి దగ్గర్నించో అంటుకుని ఉంటుంది. ఎవరి పిల్లలో నేను చెప్పక్కర్లేదనుకుంటా."

"మందు పట్టి పంపారట కదా, టోస్ట్రుడ్ గారూ."

"ఎవరన్నారు?"

మంచం మీద బ్రిట్టా కళ్లు మూసుకుంది. నిద్రపోలేదు.

బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. అందులో నా రాత: 'ఈ ఉదయం తండ్రి జ్వరం మందు ఇచ్చినట్టు పిల్ల చెప్పింది.'

అతను దాన్ని తలకిందులుగానే చదివేశాడు.

"ఆ ముక్క కొట్టెయ్యండి."

"పిల్ల చెప్పింది రాశాను. నా పని అదే."

"మీ కాంట్రాక్టు పొడిగింపు మేలో మా బోర్డు ముందుకే వస్తుంది కదూ?" అన్నాడు, వాతావరణం గురించి అడిగినట్టు.

నేను పెన్ను ముట్టుకోలేదు.

అప్పుడతను మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కూతురి నుదుటి మీది జుట్టు వెనక్కి తోశాడు. ఎంతో ప్రేమగా.

"బంగారం, కళ్లు తెరువు. పొద్దున నాన్న నీకేమైనా మందు పట్టాడా?"

బ్రిట్టా నా వైపు చూసింది.

తండ్రి వైపు చూసింది.

"లేదు."

"చూశారుగా" అన్నాడు వెర్లిన్, లేచి ప్యాంటు దులుపుకుంటూ. "పిల్ల అబద్ధం చెప్పిందని రాసుకుంటారో, మీకే సరిగ్గా వినబడలేదని రాసుకుంటారో, మీ ఇష్టం."

పదకొండేళ్లలో ఎందరు పిల్లల వాంతులు ఎత్తానో. పేలు తీశాను, చీము కడిగాను. ఎప్పుడూ ఒళ్లు జలదరించలేదు.

ఆ రోజు జలదరించింది.

రాసిన వాక్యాన్ని కొట్టేశాను. పక్కనే రాశాను: 'నర్సు పొరపాటుగా విన్నది.'

తొమ్మిదేళ్ల పిల్ల పేరు పక్కన అబద్ధమనే మాట ఉండకూడదనే అలా చేశానని నాకు నేను చెప్పుకున్నాను. మే నెల కూడా నాకు గుర్తుంది.

వెర్లిన్ కూతురికి కోటు తొడిగాడు. గడ్డం దాకా జిప్పు లాగాడు.

"నర్సమ్మకి థాంక్స్ చెప్పు."

"థాంక్స్" అంది బ్రిట్టా, నేల చూస్తూ.

ఆ వారం అదే తరగతిలో ఆరుగురికి జ్వరం వచ్చింది.

సోమవారం తల్లిదండ్రులందరికీ బోర్డు నుంచి ఉత్తరం వెళ్లింది. 'కొన్ని కుటుంబాల నిర్లక్ష్యం వల్ల' అని మొదలైంది. కింద వెర్లిన్ సంతకం, రెండు గీతలు.

ఆ ఉత్తరాలు మడతపెట్టి పిల్లల సంచుల్లో పెట్టే పని నాది. పెట్టాను. హోదన్ కొడుకు సంచిలో కూడా పెట్టాను.

గురువారం బ్రిట్టా మళ్లీ నా గదికి వచ్చింది. గడ్డం చిట్లి, స్కార్ఫు మీద రక్తం.

దూదితో తుడిచాను. మందు రాస్తే మండి ఉంటుంది, కదల్లేదు. ప్లాస్టరు అంటించాను.

"ఎలా తగిలింది తల్లీ?"

ప్లాస్టరు అంచు వేలితో ఒత్తుకుంటూ నా మొహంలోకి చూసింది.

"ఏమని చెప్పమంటారు, మిస్?"